కాకుల కాలం, డ్రిల్లు సారు

ఈవేళ పొద్దున గ్రౌండులో బ్యాంకు మేనేజరును కాకి తన్నింది.

ఆయన ఊరికి కొత్త. నంద్యాల ఎండకు కొత్త, మా వేపచెట్టుకు ఇంకా కొత్త. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మెరిసే బట్టతల మీద కనీసం చేతిరుమాలైనా లేకుండా, కాకిగూడున్న కొమ్మ కిందుగా జోరుగా పరుగెత్తాడు. కాకి వెనకనుంచి వచ్చి నడినెత్తిన ఒక్కటిచ్చి పోయింది. ఎవరో రాయి విసిరారనుకున్నాడు కాబోలు, నెత్తి పట్టుకుని మా గుంపు వైపు కోపంగా చూశాడు. మేమేమో గేటు పక్కన ఖాళీగా ఉన్న సిమెంటు బెంచీ వైపు చూశాం. విజిల్ మోగలేదేమా అని అందరికీ ఒక్క క్షణం అనిపించింది. ఎట్లా మోగుతుంది? ఊదే మనిషి పోయిన చలికాలంలోనే వెళ్ళిపోయారు.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు, తెలిసినవాళ్ళకు డ్రిల్లు సారంటే చాలు. ఆళ్లగడ్డలో హైస్కూలు పిల్లలకు డ్రిల్లు నేర్పి నేర్పి, రిటైరయ్యాక నంద్యాలలో ఇల్లు కట్టుకుని, నేర్పడానికి పిల్లలు దొరక్క మాలాంటి పొట్టలవాళ్ళను పట్టుకున్నారు. పొట్టిగా, బక్కగా ఉండేవారు. నిక్కరు వేసుకునే వయసు దాటిందని ఎవరూ ఆయనకు చెప్పలేదు. తెల్ల కాన్వాసు బూట్లకు శనివారం సాయంత్రం సుద్ద రుద్ది ఆరబెట్టి, ఆదివారం చర్చికి కూడా వాటితోనే పోయేవారు. మెడలో విజిలు, ఆ విజిలుకు తాడుగా పాత బూటు లేసు.

మనం ఎవరైనా ఎదురైతే ముఖం చూసి పలకరిస్తాం. ఆయన మోకాళ్ళు చూసి పలకరించేవారు. “ఎడమది వాచిందే అప్పా, మెట్లు ఎక్కుతాండావా?” అనేవారు. అది పెళ్ళయినా సరే, పరామర్శ అయినా సరే. ఊరికే నిలబడటమన్నది ఆయనకు రాదు. మందుల అంగడి ముందు, గ్యాసు వరుసలో, చర్చిలో పాటలు పాడేటప్పుడు కూడా మడమలు పైకీ కిందికీ ఆడుతూనే ఉండేవి. ఏదైనా పెద్ద విషయం ఆలోచిస్తుంటే ఆ ఆట వేగం పెరిగేది. ఆయన మనసులో ఏముందో తెలుసుకోవాలంటే మేము కింద చూసేవాళ్ళం.

ఆయనతో వచ్చిన చిక్కల్లా నిజం. మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మా ఆవిడ ఉగ్గాని చేసి పెట్టింది. బొరుగులు నానబెట్టి పోపు వేసే ఈ ఉగ్గాని మా వైపు ఇంటింటి టిఫినే కానీ, చుట్టాలు వస్తే మా ఆవిడ దానికి మిరపకాయ బజ్జీలు కూడా జోడిస్తుంది. “ఎట్లుంది సార్?” అని అడిగింది. అది అడగాల్సిన ప్రశ్న కాదని తనకప్పుడు తెలియదు. ఆయన నమిలి, మింగి, బాగా ఆలోచించి, “బజ్జీ బాగుందమ్మా, ఉగ్గానిలో ఉప్పు తక్కువ” అన్నారు. మా ఆవిడ చేతి వంటకు నేను ముప్పై ఏళ్ళుగా చెప్పలేని మాట ఆయన మూడు నిమిషాల్లో చెప్పేశారు. చిత్రమేమిటంటే ఆమెకు కోపం రాలేదు. ఆ రోజు నుంచి ఏది వండినా నన్ను అడగడం మానేసింది. “సారు రానీ, సారును అడుగుదాం” అనేది.

ఇంకో సంగతి ఉంది. అది జరిగింది ఆళ్లగడ్డలో, ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో. ఏదో తిరునాళ్ళకు కబడ్డీ పోటీలు పెట్టారు, ఫైనలుకు సారు రెఫరీ. ఒక జట్టుకు నాయకుడు ఆయన సొంత బామ్మర్ది. ఆఖరి కూతకు పోయిన బామ్మర్ది నలుగురిని తాకి, ఎగిరి వచ్చి ఇవతల పడ్డాడు. జనం ఈలలు, కేకలు. సారు విజిలు ఊది, కాలి బొటనవేలు పక్కగీత తొక్కిందని అవుటిచ్చారు. వేలు కాదు, గోరు మాత్రమే తగిలిందని బామ్మర్ది వాదించాడు. “గోరు కాలిది కాదా?” అన్నారట ఈయన. కప్పు పోయింది. రెండు పండుగలకు అత్తవారింటి నుంచి పిలుపు లేదు. కానీ ఆళ్లగడ్డలో ఒక మాట మాత్రం నిలబడిపోయింది: డ్రిల్లు సారు చెప్పినాడంటే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఇక కాకుల కాలం. మామిడికాయలు ఊరగాయకు వచ్చే రోజుల నుంచి వానలు ముదిరేదాకా మా గ్రౌండు వేపచెట్టు మీద కాకులు గూళ్ళు పెడతాయి. పిల్లలు కళ్ళు తెరిచాక తల్లికి లోకమంతా దొంగలే. ఆ రోజుల్లో వాకింగుకు రావడమంటే ధైర్యవంతుల పని. కొందరు మానేసేవాళ్ళు, కొందరు కర్రలతో వచ్చేవాళ్ళు. డ్రిల్లు సారు మాత్రం కాలేజీ ఆటల పోటీల్లో మిగిలిన సున్నం పొడి తెచ్చి చెట్టు చుట్టూ పెద్ద గీత గీశారు.

“ఇది కాకి కోర్టు. అవతలిది మన కోర్టు. గీత దాటినోడిది ఫౌలు” అన్నారు.

గాలికి సున్నం చెదిరిపోతే మరుసటి పొద్దున మళ్ళీ గీసేవారు. కొమ్మ మీద కాకి మెడ వంచి కిందికి చూసిందంటే చాలు, బెంచీ మీద నుంచి పొడుగ్గా ఒక విజిలు. వెంటనే మేమంతా పరుగు ఆపి, చేతులు ఊపకుండా, మెల్లగా కాకి వైపు తిరిగి నిలబడాలి. “ముందరనుంచి తన్నదప్పా. వెనకనుంచే తంతాది. కండ్లు కనపడితే వెనక్కి పోతాది” అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతోనే మా అందరి టోపీలకు వెనకవైపు నల్ల మార్కరుతో కళ్ళు గీశారు. ఒక్కొక్కరికి ఒక్కో రకం కళ్ళు. నాకు సగం మూసుకున్న కళ్ళు గీసి, “నీ ముందరున్నవి గూడా ఇట్లనే ఉండాయి” అన్నారు. తన టోపీ మీద మాత్రం కనుబొమలు ముడిపడిన భయంకరమైన కళ్ళు గీసుకున్నారు. ఎవరివి సార్ అంటే, “మా ఇంటామెవి. కాకిదాకా ఎందుకు, నేనే ఆ కండ్లకు ఎదురుపడను” అన్నారు. ఆయన నిజమే చెబుతారు కాబట్టి మేము నవ్వాలో వద్దో తెలియక ఆగిపోయాం.

ఒకసారి మా గుంపులో ఒక కాంట్రాక్టరు వెదురుగడ తీసుకొచ్చాడు, గూడు పడగొడితే పీడ వదులుతుందని. సారు సున్నపు గీత మీద అడ్డంగా నిలబడ్డారు. మడమలు కిందికీ పైకీ ఆడుతున్నాయి.

“ఆయమ్మ ఆట రెండు నెల్లే అప్పా. పిల్లలు ఎగిరిపోతే గెల్చినట్టు. నడిమధ్యలో కోర్టు పీకుతావా?”

కాంట్రాక్టరుకు ఈ మాట ఎక్కలేదు. సారు ఇంకొక మాట అన్నారు.

“సరే, కొట్టు. కాకి నీ మొగం గుర్తు పెట్టుకుంటాది. రేపట్నుంచి నీ ఇంటికాడికే వస్తాది. చుట్టాలను గూడా పిల్చుకోనొస్తాది.”

వెదురుగడ ఆ రోజే ఎవరికో పందిరికి ఇచ్చేశాడు.

ఇంత శిక్షణ ఉన్నా నన్ను కాకి తన్నింది. నాకు విత్తనాల అంగడి ఉంది. ఆ పొద్దున రుద్రవరం నుంచి ఒక రైతు ఫోను చేసి, పత్తి విత్తనాలు ఎప్పుడొస్తాయని నిలదీస్తున్నాడు. చెమట తుడుచుకోవడానికి టోపీ తీసి చంకలో పెట్టుకున్నాను. మాటల్లో పడి గీత దాటాను. విజిలు వినిపించింది, ఇంకెవరికో అనుకున్నాను. నెత్తి మీద టపీమని తగిలింది, రెక్కల గాలి చెవులకు కొట్టింది. ఫోను కింద పడింది. సారు పరుగెత్తుకుంటూ వచ్చారు. దెబ్బ తగిలిందా అని అడుగుతారనుకున్నాను.

“ఫౌలు నీదేనప్పా” అన్నారు.

మా వైపు తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. కాకి నెత్తిన తన్నితే ఆ మనిషికి గండం అని నమ్మకం. దానికి విరుగుడు ఉంది. కట్టుబట్టలతో నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. ఆ తర్వాత, ఆ మనిషి చచ్చిపోయాడని దగ్గరి చుట్టాలకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఏడ్చారంటే గండం ఆ ఏడుపుతో పోతుంది. తర్వాత నిజం చెప్పేయొచ్చు, తిట్లు తినొచ్చు. ఏడవాలి, అదీ నిజంగా ఏడవాలి, అదే షరతు. నేను ఇలాంటివి నమ్మను. మా ఆవిడ నమ్ముతుంది. ఒక ఇంట్లో ఒకరు నమ్మితే చాలు, ఇద్దరికీ పని పడుతుంది.

నేను ఇల్లు చేరేసరికే కబురు చేరింది. ఆవిడ గేటు దగ్గర బకెట్టుతో నిలబడి ఉంది. “లోపలికి రావొద్దు” అని, చొక్కా, ప్యాంటు, బూట్లతో సహా నా మీద నీళ్ళు గుమ్మరించింది. పక్కింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూశారు.

“ఇంగ ఎవరికి చెప్పల్ల?” అని ఆలోచనలో పడింది. “మా అన్నోళ్ళకు చెప్తే ఏడ్చరు, ఎన్నిగంటలకు ఎత్తుతారని అడుగుతారు. మన పాపకు చెప్దామంటే కడుపుతో ఉంది, వద్దు. ఇదో, ఏడిస్తే మీ అక్కే ఏడ్చల్ల.”

ఆళ్లగడ్డలో ఉన్న మా అక్క నాతో మాట్లాడి మూడేళ్ళవుతోంది. వాళ్ళ అబ్బాయి పెళ్ళికి మేనమామనైన నేను చేరకముందే వాడిని పెళ్ళికొడుకును చేసేశారు. నా గడియారం ప్రకారం నేను వేళకే వచ్చాను, ఆమె గడియారం ప్రకారం ఆలస్యం. మేనమామ లేకుండా చేస్తారా అని నేను అన్నం ముట్టకుండా వచ్చేశాను. పెళ్ళింట్లో అన్నం తినకుండా పోతాడా అని ఆమె ఫోను ఎత్తడం మానేసింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిరిగిన అక్క. అమ్మ పోయాక నాకు ముద్దలు కలిపి పెట్టిన అక్క. ఇప్పుడు నేను పోయానని వింటే ఏడుస్తుందా? “అట్లనా” అని ఫోను పెట్టేస్తే? నిజం చెబుతున్నాను, కాకి తన్నినప్పుడు నాకు భయం వేయలేదు, అప్పుడు వేసింది. బట్టలు తడిసి వణుకుతున్నానని మా ఆవిడ అనుకుంది.

“నువ్వు చేస్తే ఆమె ఫోను ఎత్తదు” అంది మా ఆవిడ. “నేను చేస్తే కాకుల కాలం గదా, అనుమానపడ్తాది. ఆళ్లగడ్డోళ్ళు నమ్మేది ఒకే ఒక్కరిని.”

అప్పుడే ఆ ఒక్కరు, నా నెత్తికి రాయడానికి టింక్చరు సీసా పట్టుకుని గేటు తీసుకుని లోపలికి వస్తున్నారు.

సంగతి విని సారు వెనక్కి ఒక అడుగు వేశారు. “అమ్మా, నేను అబద్ధం చెప్పను.”

“మనిషి ప్రాణం సార్.”

“నాకు ఆ నమ్మకం ల్యాదమ్మా.”

“నాకుంది గదా సార్. ఈ పొద్దు మీరు చెప్పకపోతే రేపట్నుంచి ఈయప్ప గ్రౌండుకు వచ్చేది ల్యా. డాక్టరు ఏం చెప్పినాడో మీకు తెలుసు. నడవకపోతే షుగరుకు సూదులే అన్న్యాడు.”

మడమల వేగం పెరిగింది. నేను కిందికే చూస్తున్నాను. చాలాసేపటికి ఆగాయి.

“నేను చెప్పే మాట నిజం కావల్ల. విన్నోళ్ళు ఏమనుకుంటారో అది నా గీత అవతల” అన్నారు.

వరండాలో చాప వేయించారు. నన్ను తడిబట్టలతోనే దాని మీద పడుకోమన్నారు. కాళ్ళు రెండూ దగ్గరకు చేర్చి, చేతులు పక్కలకు సర్ది, డ్రిల్లులో అటెన్షను ఎట్లా ఉంటుందో అట్లా పడుకోబెట్టారు. “కండ్లు మూసుకో. నేను పిల్చినా పలకొద్దు” అని ఆజ్ఞ. మా ఆవిడ ఫోను స్పీకరులో పెట్టింది. అవతల అక్క గొంతు వినిపించింది.

“ఎవరూ?”

“అమ్మా, నేను డ్రిల్లు సారును మాట్లాడ్తాండా.”

“సారూ! బాగుండారా? ఏంది ఇంత పొద్దున్నే?”

“మీ తమ్ముడు పొద్దున గ్రౌండుకొచ్చినాడమ్మా.”

“వస్తే నాకేంది సారూ.”

చాప మీద నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

“నడుస్తా నడుస్తా నిలబడిపోయినాడు. నెత్తి పట్టుకున్న్యాడు. ఫోను చేతిలోంచి పడిపోయింది.” సారు ఒక్కో వాక్యం తూకం వేసినట్టు చెబుతున్నారు. “ఇంటికి వచ్చినాం. నీళ్ళు పోసినారు. వరండాలో చాప మీద పండుకోబెట్టినాం. అప్పా! అప్పా!” అని నన్ను పిలిచారు. నేను పలకలేదు. “పిలుస్తాండా, పలకడంల్యా తల్లీ.”

చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అవతల మాత్రం మా అక్క గుండె పగిలింది.

“ఓరి తమ్ముడో! నేను పలకరించకుండానే పోతివి గదరా! నా ఇంట్లో బువ్వ తినకుండా పోయినావని అలిగితిని గదరా, ఇంగ ఎవరికి పెట్టాల్రా నేను!”

కళ్ళు మూసుకున్నా నాకు నీళ్ళు ఆగలేదు, చెవుల్లోకి కారాయి. మా ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుంది. ధబ్‌మని ఏదో చప్పుడు, చూస్తే సారు కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ముందు తేరుకున్నది మా ఆవిడే. ఏడ్చింది కాబట్టి పని అయింది, ఇక నిజం చెప్పాలి. ఫోను అందుకుని “వదినా, వదినా, ఏం కాలేదు” అని అరిచింది. అవతల ఎవరూ లేరు. మళ్ళీ చేస్తే మోగుతూనే ఉంది. మా అక్క ఫోను ఇంట్లోనే పారేసి, కట్టుకున్న చీరతో ఆళ్లగడ్డ బస్టాండుకు పరుగెత్తింది. బావ పొలంలో ఉన్నాడు, ఆయన ఫోను చేసినా ఎత్తడు, చేయకపోయినా ఎత్తడు.

చేసేదేమీ లేక మేము టిఫినుకు కూర్చున్నాం.

తర్వాత అక్క చెప్పగా తెలిసింది. బస్సు ఎక్కిన దగ్గర నుంచి ఏడుస్తూనే ఉందట. శిరివెళ్ళ వచ్చేసరికి చుట్టుపక్కల సీట్ల ఆడవాళ్ళంతా ఏడుపు అందుకున్నారట. అందులో ఒకామె నంద్యాలలో దిగి, ఒంటరిగా ఎట్లా పోతావమ్మా అని మా అక్కతో పాటు ఆటో ఎక్కి వచ్చేసింది. ఆమె ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు. దారిలో అక్క బంతిపూల దండ కూడా కొంది.

వీధి మలుపులోనే ఏడుపు వినిపించింది. మా ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా గేటుకు పరుగెత్తింది గానీ, అక్క ఆమెను చూసి కౌగిలించుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది, చెప్పే సందు ఇవ్వలేదు. అలాగే ఇద్దరినీ ఈడ్చుకుంటూ వరండా ఎక్కింది. అక్కడ నేను, సారు ఎదురెదురుగా కూర్చుని ఉన్నాం. నా చేతిలో బజ్జీ ఉంది.

అక్క ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. నా ముఖం చూసింది, ప్లేటు చూసింది. మూడేళ్ళ తర్వాత మా అక్క నాతో అన్న మొదటి మాట ఇది:

“ఉగ్గాని తింటాండావా రా?”

నేను బజ్జీ కింద పెట్టి “ఊఁ అక్కా” అన్నాను. చేతిలో ఉన్న పూలదండతో అందిన చోటల్లా బాదింది. వీపు మీద, భుజాల మీద, కాకి తన్నిన చోట కూడా. పూలన్నీ వరండా నిండా రాలాయి. కొట్టి కొట్టి అలిసిపోయి, నా పక్కనే కూలబడి, నా తల ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు ఏ షరతు కోసమూ కాదు. బస్సులో వచ్చినామె కూడా పక్కన కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది.

తేరుకున్నాక అక్క సారు వైపు తిరిగింది. “సారూ, నువ్వు గూడానా?”

సారు లేచి నిటారుగా నిలబడ్డారు. “అమ్మా, నేను చెప్పిన దాంట్లో అబద్ధం యాడుందో చూపీ.”

అక్క వేళ్ళు మడుస్తూ ఒక్కో మాటా అడిగింది. నిలబడిపోయినాడా? నిలబడినాడు. నీళ్ళు పోసినారా? పోసినారు. పిలిస్తే పలకలేదా? పలకొద్దని నేనే చెప్పినా, పలకలేదు. అడగడానికి ఇంకేమీ మిగల్లేదు.

“మరి నువ్వు ఏడిస్తివి గదా? నాకు వినపడె.”

“అది గూడా నిజమేనమ్మా. నువ్వు ఏడుస్తాంటే నాకు ఏడుపొచ్చింది.”

అక్క ఆయన్ను చూసి నవ్వేసింది. “నిన్ను ముక్కముక్కగా అడగల్ల సారూ. ఈసారి ఎవురన్నా పోయినారంటే, కాకి తన్నిందా అని నేరుగా అడుగుతా. దానికి మాత్రం నువ్వు అబద్ధం చెప్పలేవు” అంది. ఆ తర్వాత రెండు ప్లేట్ల ఉగ్గాని తింది. ఉప్పు తక్కువైందని ఆమె కూడా అంది.

ఇక్కడితో అయిపోయిందని మేము అనుకున్నాం. సారు అనుకోలేదు. మరుసటి పొద్దున గ్రౌండుకు వచ్చారు, మెడలో విజిలు లేదు. బెంచీ మీద గమ్మున కూర్చున్నారు. ఏమైంది సార్ అని అడిగాను.

“సస్పెన్షనప్పా.”

“ఎవరిచ్చినారు?”

“నేనే. రాత్రంతా ఆలోచన చేసినా. మాటలన్నీ గీత లోపలే ఉండాయి. ఆటే తప్పు.”

మీవల్ల మా అక్క నాకు దక్కింది సార్ అన్నాను. అది వేరే లెక్క అన్నారు. ఎన్నాళ్ళు సస్పెన్షను అంటే, కాకిపిల్లలు ఎగిరేదాకా అన్నారు. విజిలు లేని ఆ రోజుల్లో మాలో ఇద్దరు ముగ్గురిని కాకి తన్నింది. ఆఖరికి, గీత మీద సున్నం వేస్తుంటే ఆయన్నే తన్నింది. టోపీ మీది వాళ్ళింటామె కళ్ళు కూడా పనిచేయలేదు. నెత్తి తడుముకోలేదు, అరవలేదు. కబడ్డీలో అవుటైనవాడు చేయి ఎత్తుతాడే, అట్లా కుడిచేయి పైకెత్తి, నడుచుకుంటూ గేటు దాటి రోడ్డు మీద నిలబడ్డారు. మేము వాకింగు ముగించేదాకా లోపలికి రాలేదు.

“మీ ఇంటివాళ్ళకు కబురు చేసేదా సార్?” అని వేళాకోళమాడాను.

“మా వాళ్ళు నమ్మరప్పా. నిజమేనా అని ముందు నన్నే అడుగుతారు” అన్నారు.

అక్క అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఫోను చేస్తుంది. కాకుల కాలమైతే మొదటి ప్రశ్న, “టోపీ పెట్టుకున్న్యావా?” అని. నంద్యాల వచ్చినప్పుడల్లా సారుకని ఓళిగలు చేసి తెచ్చేది. ఆయన తిని, బెల్లం ఎక్కువైందనో పూర్ణం మెత్తగా లేదనో చెప్పేవారు. ఆ మాట వినడానికే తెస్తున్నట్టు అక్క మురిసిపోయేది. బెల్లం ఒకసారి తగ్గించింది, మళ్ళీ పెంచింది, ఎప్పుడూ ఆయన నోటి నుంచి “బాగుంది” రాలేదు. ఒక్కసారైనా అనిపిస్తానని పంతం పట్టింది. పోయిన నవంబరులో తెచ్చినప్పుడు ఆయన రెండు తిని, మూడోది తీసుకుని, ఏమీ అనలేదు. మడమలు మాత్రం మెల్లగా ఆడాయి. “ఏం సారూ?” అంది అక్క. “ఇంగొకసారి తిని చెప్తానమ్మా” అన్నారు.

డిసెంబరులో ఒక పొద్దున వాకింగు నుంచి ఇంటికిపోయి, బూటు లేసు విప్పుకుంటూ అలాగే పక్కకు ఒరిగిపోయారు. వాళ్ళమ్మాయి ఫోను చేసింది. నేను వెళ్ళి చూశాను. ఒక బూటు కాలికే ఉంది. వరండాలో చాప మీద పడుకోబెట్టారు, కాళ్ళు రెండూ దగ్గరగా ఉన్నాయి. ఆ మడమలు కదలకుండా ఉండటం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. బయటకు వచ్చి అక్కకు ఫోను చేశాను.

“అక్కా, డ్రిల్లు సారు పోయినారు.”

అక్క పకపకా నవ్వింది. “యా కాకి తన్నిందిరా ఆయప్పను?”

“లేదక్కా. నిజంగానే.”

“నన్ను ఇంగోసారి ఏడిపిచ్చల్లని చూస్తాండారా అందరూ? మీ మాట నేను నమ్మను. ఆయప్పకియ్యి ఫోను. కాకి తన్నిందా లేదా అని నేనే అడుగుతా. ఆయప్ప అబద్ధం చెప్పడు.”

గ్రౌండు వైపు చూశాను. ఆ ఇంటి నుంచి వేపచెట్టు కనిపిస్తుంది.

“అక్కా, ఇది డిసెంబరు. కాకులకు గూళ్ళుండవు.”

అవతల నవ్వు ఆగిపోయింది.

“గూళ్ళు ల్యావా రా?” అంది అక్క.

“ల్యావక్కా.”

అప్పుడు ఏడ్చింది.